కల్లు దుకాణంలోంచి నిప్పు బయటికి పోయిన వానాకాలం

బీడీ అంటించే ముందు, ఆ చోటు విడిచి లేచి వెళ్లే వీలు లేని మనిషి ఎవరైనా పక్కన ఉన్నారా అని మీరు ఎన్నడైనా చుట్టూ చూశారా?

నేను చూడలేదు. నాకు బీడీ అలవాటు లేదు కనుక చూడవలసిన అవసరమూ లేదనుకునేదాన్ని. పైగా, అలా చూడనక్కరలేదని నిండు సభలో వాదించి బహుమతి కూడా తెచ్చుకున్నాను. ఎనభైల చివరలో నేను మహబూబ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నప్పటి మాట ఇది. ఆ ఏడు మా డిబేటు పోటీకి ఇచ్చిన విషయం, పదిమంది కూర్చునే చోట పొగ తాగడాన్ని నిషేధించాలా వద్దా అన్నది. చీటీ తీస్తే నాకు "వద్దు" అనే పక్షం వచ్చింది. ఎవరి ఊపిరి వారిదే అన్నాను. పొగ పడని వారికి తలుపు తెరిచే ఉంది, లేచి వెళ్లవచ్చు అన్నాను. ఆ మాటకు హాలంతా చప్పట్లు కొట్టింది. వాదన గెలిచిన సంతోషంతో వారం సెలవు పెట్టి ఊరికి వచ్చాను.

మా ఊరు ఆత్మకూరుకు దగ్గర. మా నాయిన మోకు కట్టుకొని తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కి కల్లు గీసేవాడు. ఊరి చివర మాకు కల్లు దుకాణం ఉండేది. దుకాణమంటే తాటాకుల పాక, నడుము ఎత్తు మట్టిగోడ, గోడ మీద నాలుగు పక్కలా ఖాళీ. ఎండాకాలం గాలి ఇటునుంచి వచ్చి అటు పోయేది. వానలు మొదలయ్యాక మాత్రం జల్లు కొట్టకుండా ఆ ఖాళీలన్నిటికీ గోనెపట్టాలు కట్టేవాళ్లం. పాకలో ఒక మూల అమ్మ పొయ్యి. ఆమె శనగలు, అలసందలు ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి గుడాలు చేసి అమ్మేది. కల్లు నాయినది, గుడాలు అమ్మవి. మధ్యాహ్నం మొదలుకొని పొద్దు గూకేదాకా ఆ మూల నుంచి ఆమె కదిలేది కాదు.

పాక నడుమ నిప్పుల కుండ ఉండేది. బూడిద కింద పిడక నిప్పు ఆరకుండా చూడడం మా ఇంటివాళ్ల పని. వచ్చినవాడు ముందు ఆ కుండ మీదికి వంగి బీడీ అంటించుకొని, ఆ తర్వాతే కల్లు లొట్టి ముందు కూర్చునేవాడు. జేబులో అగ్గిపెట్టె ఉన్నా సరే, నిప్పు ఆ కుండలోనిదే తీసుకోవాలి. అది మా దగ్గరి మర్యాద. కులపెద్దలు ఎవరి మీదనైనా బంద్ పెడితే, అంటే వెలివేస్తే, ఆ మనిషికి కల్లు పోసేవారు గాని కుండలోని నిప్పు తీసుకోనిచ్చేవారు కాదు. అతడు పాక బయట, కానుగ చెట్టు కింద ఒక్కడే కూర్చొని తాగి పోవలసిందే. నా చిన్నతనంలో ఒకాయన పంట కాలం పొడుగునా ఆ చెట్టు కింద, అంటించని బీడీ పెదవుల మధ్య పెట్టుకొని కూర్చోవడం చూశాను. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఆ వానాకాలం నేను చేసిన పని చేశాను.

సెలవుకు వచ్చేసరికి అమ్మ గోడకు ఆనుకొని కూర్చొని నిద్రపోతోంది. పడుకుంటే దమ్మొస్తోందట. దగ్గు రెండేళ్లుగా ఉన్నదే కాని, ఆయాసం ఇంత ముదిరిన సంగతి నాకు ఎవరూ రాయలేదు. మర్నాడే ఆత్మకూరు దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు ఆమె వీపు మీద గొట్టం పెట్టి, చాలాసేపు విని, తల ఎత్తకుండానే అడిగాడు.

"రోజుకు ఎన్ని బీడీలు కాలుస్తావమ్మా?"

అమ్మ చీర కొంగు సర్దుకొని నిటారుగా కూర్చుంది. "ఏం మాటలు సారూ! నా మొగడు గూడ నన్ను గిట్ల అడగలే."

ఆయన నవ్వలేదు. ఎక్కడ పని చేస్తావు, అక్కడ ఎంతమంది కాలుస్తారు, గాలి వస్తుందా అని ఒక్కొక్కటే అడిగాడు. చివరికి, "వాళ్లు కాల్చేదాంట్లో సగం నువ్వే పీలుస్తున్నావు. ఆ పొగలో కూర్చోవడం మానకపోతే నేనిచ్చే మందు పనిచేయదు" అన్నాడు.

"నేను కూసోకుంటె గుడాలెవరు అమ్మాలె సారూ?"

"ఇంట్లో ఉండమ్మా."

అమ్మ మందుల చీటీ కొంగున ముడి వేసుకొని లేచింది. తిరుగు బస్సులో, కిటికీ పక్కన కూర్చొని, మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటూ నాతో ఒక మాట చెప్పింది. "ఇంట్ల గోడలు జూస్కుంట... కూసుంటె... పిచ్చిదాన్నైత బిడ్డా. గా మూల... నా జాగ."

లేచి వెళ్లవచ్చు అని నేను సభలో చెప్పిన మనిషి ఎవరో అప్పుడు తెలిసింది. నాకు చప్పట్లు తెచ్చిన వాక్యం నా పక్క సీటులో కూర్చొని ఆయాసపడుతోంది. బస్సు దిగేలోగా నేను రెండవ పక్షానికి మారిపోయాను.

మారినంత మాత్రాన నా పద్ధతి మారలేదు. ఆ రాత్రంతా పాయింట్లు రాసుకున్నాను. ఉదయం నాయిన ముందు నిలబడి వాటిని వినిపించాను. ఆయన మోకుకు ముడి వేసుకుంటూ అంతా విన్నాడు.

"బీడి లేని కల్లా? గిరాకి ఎదుటి దుకాణానికి పోతది."

"అమ్మ ముఖ్యమా, గిరాకి ముఖ్యమా నాయినా?"

"గట్ల అడుగుతె నేనేం జెప్పాలె?" ఆయన ముడి బిగించి లేచాడు. "సరే, ఒక్క వారం జూద్దాం. నువ్వే మాట్లాడు. నాకు మాట్లాడొస్తలేదు."

అమ్మను మాత్రం నేనే ఒక మాట అడిగాను, తన ఆయాసం సంగతి ఎవరికీ చెప్పవద్దని. మా కాలేజీలో డిబేటు నేర్పిన మాష్టారు, సొంత ఇంటి కష్టాన్ని వాదనలోకి తేవడం జాలి అడుక్కోవడమేనని, సూత్రం తన కాళ్ల మీద తాను నిలబడాలని చెప్పేవారు. ఆ మాట నాకు చాలా గొప్పగా తోచేది. అమ్మ నా వైపు కాసేపు చూసి, "చదువుకున్నదానివి, నీకే దెలుస్తది" అంది.

జనం రాకముందే నిప్పుల కుండ ఎత్తి బయట కానుగ కింద పెట్టాను. ఒక పలక మీద సుద్దతో "లోపల బీడీ, చుట్ట తాగరాదు" అని రాసి గుంజకు వేలాడదీశాను. అక్కడికి వచ్చేవారిలో చదవగలిగినవారు ఇద్దరో ముగ్గురో ఉంటారన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

మొదట వచ్చినవాడు మా ఊరి సాలోళ్ల వాడకట్టులో, అంటే నేతపనివాళ్ల వాడలో, పెద్దాయన. వయసులోనూ మాటలోనూ పెద్ద. ఊళ్లో ఏ తగవు వచ్చినా చివరి మాట ఆయనదే. మధ్యాహ్నం మగ్గం గుంతలోంచి లేచి నేరుగా మా దుకాణానికే వచ్చేవాడు. నేను తాతా అని పిలిచేదాన్ని. ఆ రోజు సన్నగా తుంపర పడుతోంది. తలమీది తువ్వాల దులుపుకొని వచ్చి, ఎప్పటిలాగే బీడీ పట్టుకున్న చేయి చాపి, నాయినతో ఏదో మాట్లాడుతూనే కుండ ఉండే చోటికి వంగాడు. అక్కడ కుండ లేదు. నేల మీద గుండ్రటి బూడిద మచ్చ ఉంది.

"నిప్పేది?"

"బయట కానుగ కింద పెట్టినం తాతా" అన్నాను.

ఆయన ముఖం చూసినా నాకు ఏమీ అర్థం కాలేదు. ఆయన అంటించని బీడీ వేళ్ల మధ్యే పెట్టుకొని లొట్టి ముందు కూర్చున్నాడు. ఒకరి వెంట ఒకరు తక్కినవారు వచ్చారు. వచ్చిన ప్రతివాడూ ముందు బూడిద మచ్చను, తర్వాత పక్కవాడి ముఖాన్ని చూశాడు.

"ఎవరి మీద వెట్టిండ్రు బంద్?" అని ఒకరు గుసగుసగా అడిగారు.

మా ఊరి బండి తోలే ఆయనకు, బండాయన అంటాం, నోటి దురుసు ఎక్కువ. "నీ ఎడ్లు నిన్న నా చేన్ల వడ్డయి. నీ మీదనే వెట్టిండ్రు" అన్నాడు. ఇద్దరు నవ్వారు. తక్కినవారు నవ్వలేదు.

నేను లేచి నిలబడి మొదలుపెట్టాను. ఇది ఏ ఒక్కరినీ ఉద్దేశించినది కాదని, వ్యక్తి స్వేచ్ఛకు ఇతరుల ఆరోగ్యమే హద్దని, పదిమంది కూడే చోటు పదిమందికీ సమానమని... కాలేజీ వేదిక మీద మాట్లాడిన భాషలోనే, అంతే స్పష్టంగా చెప్పుకుపోయాను.

"ఏమంటాంది పిల్ల?"

"రేడియోల వార్తలు జదువుతాంది, ఇను."

"ఇంక పెండ్లి గాలే, అప్పుడే మనకు పంచాయతి జెప్తాంది" అని బండాయన అందుకున్నాడు. ఆ తర్వాత మూల వైపు వేలు చూపి, నవ్వకుండా ఒక ప్రశ్న వేశాడు. "అమ్మా సదువులమ్మా, బీడి పొగ పొగైతె, గా పొయ్యి పొగ పొగ గాదా?"

ఆయన వేసింది మంచి ప్రశ్న. ఆ మూలలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గును బిగబట్టుకుంటోంది. అప్పుడైనా ఆమె వైపు చేయి చూపి అసలు సంగతి చెప్పవలసింది. చెప్పలేదు. సూత్రం గురించి ఇంకో రెండు వాక్యాలు చెప్పాను.

తాత లొట్టిని ముట్టుకోలేదు. బీడీని చెవి మీద పెట్టుకొని లేచాడు. ఆ ముందటి వారమే ఇంటి నడిమి గోడ విషయంలో ఆయనకూ, ఆయన తమ్ముడికీ తగవు వచ్చి కులపెద్దల దాకా పోయిందని, తీర్పు ఇంకా రాలేదని నాకు తర్వాత తెలిసింది. అక్కడున్న అందరికీ మాత్రం బూడిద మచ్చ చూడగానే అది గుర్తొచ్చింది.

"నలబై ఏండ్ల సంది గీ కుండల నిప్పు దీస్కున్న" అన్నాడు నాయినతో. గొంతు పెంచలేదు. "బంద్ వెట్టాల్నంటె నా ఇంటికొచ్చి జెప్పాలె. ఆడపిల్లతోని జెప్పిస్తవా?"

నాయిన నోరు తెరిచేలోగా ఆయన తుంపరలోకి నడిచాడు. కానుగ కింద నిప్పుల కుండ పక్క నుంచే పోయాడు గాని దాని వైపు చూడలేదు. ఆయన వెనుక వాడకట్టు మనుషులు నలుగురు లేచారు. నాయిన నన్ను తిట్టలేదు. గీతకు వేళ కాకపోయినా మోకు భుజాన వేసుకొని తాళ్ల వైపు వెళ్లిపోయాడు. ఆయన తిట్టి ఉంటే కొంత బాగుండేది.

పాక ఖాళీ అయ్యాక అమ్మ, "కుండ తెచ్చి లోపల వెట్టు" అంది.

"మరి నీ దమ్ము?"

"ముసలాయన మనసు కష్టపెట్టి నేను బతకాల్నా?" కాసేపు ఊపిరి తీసుకుంది. "గంతసేపు మాట్లాడినవు. నా ముచ్చట ఒక్కసారన్న తియ్యకపోతివి. ఎందుకు బిడ్డా?"

సొంత విషయం వాదనలో చెప్పకూడదన్న నియమాన్ని ఆమెకు వివరించాను. ఆమె శ్రద్ధగా వింది.

"చెప్పకపోతె వాళ్లకెట్ల దెలుస్తది?"

ఆ ప్రశ్నను ఏ న్యాయనిర్ణేతా నన్ను అడగలేదు. అడిగి ఉంటే నా నియమం అప్పుడే కూలిపోయేది.

మర్నాడు పొద్దున్నే అమ్మ వాడకట్టుకు బయలుదేరింది. నేను వెంట నడిచాను. అంత చిన్న దూరానికి ఆమె రెండు చోట్ల ఆగి, ఎవరి గుమ్మం గోడనో పట్టుకొని నిలబడవలసి వచ్చింది. తాత ఇంట్లో మగ్గం ఆడుతోంది. మమ్మల్ని చూసి కూడా ఆయన చేయి ఆపలేదు. తాత భార్య అవ్వ మాత్రం చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అమ్మ అవి తాగి, గుంత పక్కన కింద కూర్చుంది.

"మామా, బంద్ నీ మీద గాదు. ఎవరి మీదా గాదు. నాకు దమ్మొస్తాంది. పొగల కూసుంటె మందు పనిజెయ్యదన్నడు డాక్టరు. ఇంట్ల కూసుండుమన్నడు. నాకు గా మూల ఇడిసిపెట్టి వోవాల్నని లేదు. గంతే."

ఈ నాలుగు మాటలకు ఆమె ఎన్నిసార్లు ఆగిందో నేను లెక్కపెట్టలేదు. ఎప్పుడు ఆగిందో తెలియదు గాని, మగ్గం ఆగింది.

"గీ ముచ్చట నిన్న నీ బిడ్డ జెప్పలేదేంది?" తాత నా వైపు తిరిగాడు. "గంటసేపు ఏమేమో జదివినవు. గిదొక్కటి జదవకపోతివి."

"అది మా సొంత విషయం గదా తాతా, అందుకని..."

"సొంత ముచ్చట జెప్పుకోకుంటె మేమెందుకున్నం?" నిజంగానే కోపం వచ్చింది ఆయనకు. తర్వాత అమ్మతో, "మరి నా ఇంట్ల, మగ్గం కాడ గూడ తాగొద్దంటవా?"

"నీ ఇల్లు, నీ ఇష్టం మామా."

"ఇనవడ్డదా? నా ఇల్లు, నా ఇష్టమట" అని అవ్వకు వినిపించేలా గట్టిగా అన్నాడు. అవ్వ లోపలి నుంచి, "నా దమ్ము గురించి గూడ ఎవరన్న అడుగుండ్రి జర" అంది. అమ్మ నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగేదాకా అవ్వ వచ్చి ఆమె వీపు రాసింది.

ఆ మధ్యాహ్నం తాత అందరికంటే ముందు వచ్చాడు. పాకలోకి రాలేదు. కానుగ కింద కూలిన అరుగుది పాత బండ ఒకటి ఉంటే, నాయినను పిలిచి దాన్ని సరిగా వేయించాడు. దాని మీద కూర్చొని, కుండలోంచి నిప్పు తీసుకొని బీడీ అంటించాడు. ఎవరి మీదనైనా బంద్ తీసేసేటప్పుడు ఊరి పెద్ద ఆ పనే చేస్తాడు. ముందు తాను అంటించి, తన బీడీతో ఆ మనిషి బీడీ అంటిస్తాడు. తాత వచ్చిన ప్రతివాడినీ "ఇటు రా" అని పిలిచి, తన బీడీతో వాడి బీడీ అంటించాడు. అమ్మ సంగతి తన నోటితో రెండే మాటల్లో చెప్పాడు. బీడీ అయిపోయాక కాలితో నలిపి, లేచి, పాకలోకి వచ్చి లొట్టి ముందు కూర్చున్నాడు. వెలివేసినవాడి చోటు ఆ గంటలో పెద్దమనిషి చోటయింది. అదంతా చూస్తుంటే, నేను మహబూబ్‌నగర్‌లో ఏమి నేర్చుకున్నానో కాసేపు గుర్తుకు రాలేదు.

అందరూ ఒప్పుకున్నారని అనను. బండాయన రెండు రోజులు లోపలికీ బయటికీ తిరిగి, "ఒక గుక్క లోపల, ఒక గుంజుడు బయట. తాగుడా ఇది, కవాతా?" అని ఎదుటి దుకాణానికి మారిపోయాడు. ఆయనతో మరికొందరు పోయారు, వారిలో కొందరు తిరిగి రానే లేదు. దాని గురించి నాయినకు దిగులుండేది, దాన్ని ఆయన దాచలేదు. కాని పొయ్యి పొగ గురించిన ఆ మంచి ప్రశ్న మాత్రం బండాయనదే. అందుకని నేనూ నాయినా కలిసి పాక వెనుక మూడు రాళ్లు వేసి పొయ్యి అక్కడికి మార్చాం. గుడాలు అక్కడ ఉడికి, గిన్నెతో లోపలికి వచ్చేవి. ముసురు పట్టిన రోజుల్లో ఎవరైనా బీడీతో లోపలికి దూరితే, తాత అరచేయి చాపి కానుగ వైపు చూపేవాడు. ఆఖరికి బీడీలు తాగేవాళ్లే తాటాకులు తెచ్చి కానుగ కింద పందిరి వేసుకున్నారు.

దసరా సెలవులకు నేను మళ్లీ వచ్చాను. ఇంట్లో ఎవరూ లేరు. దుకాణం వెనుక నుంచి పోతుంటే లోపల అమ్మ గొంతు వినిపించింది. బండాయన తిరిగి వచ్చినట్టున్నాడు. ఉల్లిగడ్డ ఇంకా వేయమని అడిగాడట. అమ్మ అందుకుంది: "ఉల్లిగడ్డ కావాల్నా, ఎదుటి దుకాణంల వెయ్యలేదా, రెండు నెలలు ఆడ తాగొచ్చినోనివి, మా గడప మరిసినోనివి, నీ ఎడ్లకున్న ఇమానం నీకు లేకపాయె, మల్ల ఉల్లిగడ్డ గావాల్నట ఉల్లిగడ్డ, పట్టు, తిను, గిన్నె గూడ తిను!"

ఎక్కడా ఆగలేదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఒకే ఊపిరి. పాకంతా నవ్వుతోంది, బండాయన అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు. నేను పొయ్యి రాళ్ల పక్కన, చేతిలో సంచితోనే కూర్చుండిపోయాను. రెండు నెలలుగా హాస్టల్లో ప్రతి ఉత్తరాన్నీ భయపడుతూ విప్పినదాన్ని. ఆ తిట్లు వింటుంటే ఒళ్లంతా తేలికైంది. మర్నాడు అన్నం తిన్నాక అమ్మ చాప పరుచుకొని వెల్లకిలా పడుకొని, నోరు కొంచెం తెరిచి, గురకపెట్టి నిద్రపోయింది. నాయిన గడపలో కూర్చొని ఆ గురక వింటున్నాడు. నన్ను చూసి, లేపకు అన్నట్టు చేయి ఊపాడు.

ఆయాసం పూర్తిగా పోయిందని చెప్పను. చలికాలం ఒకటి రెండుసార్లు వస్తుంది, మందు వేసుకుంటే పోతుంది. ఇప్పటికి ఏడెనిమిదేళ్లయింది. అమ్మ ఆ మూలలోనే గుడాలు అమ్ముతోంది.

ఇది చదివాక నాతో వాదనకు రావద్దు. వాదనలు నాకూ వచ్చు. మీరు రోజూ కూర్చునే కల్లు దుకాణంలోనో, చాయ్ హోటల్లోనో పనిచేస్తున్న మనిషిని రేపు ఒక్కసారి, ఊపిరి ఎట్లా ఆడుతోందని అడగండి. జవాబు బాగా లేకపోతే, గోడ మీద బోర్డు రాసే ముందు, బయట నీడ పట్టున ఒక బండ వేయించండి. మీ ఊరి పెద్దమనిషిని తీసుకొచ్చి మొదట దాని మీద కూర్చోబెట్టండి. ఆ పని ఈ వారంలోనే చేయండి.